బయటి బెంచీ

గొడుగుల తాత తెచ్చిన టార్పాలిన్ మిషనక్క బల్ల మీద సగమే పట్టింది. మిగతా సగం కిందికి జారి, పక్కనే ఇస్త్రీ చేసుకుంటున్న వాళ్ళాయన కాళ్ళ దాకా పాకింది. ఆయన దాన్ని కాలితో ఓ పక్కకి నెట్టి, "ఏంటి తాతా, సర్కస్ పెడుతున్నావా?" అన్నాడు.

"తోపుడు బండి కొన్నాను నాయనా. పైన కప్పుండాలిగా. తాళ్ళు దూరేలా అంచులు మడిచి కుట్టిస్తే చాలు."

ఆవిడ అసలు పేరు ఓటర్ల జాబితాలో ఎక్కడో ఉంటుంది గానీ, ఊరందరికీ మిషనక్కే. కుట్టు మిషను దగ్గర కూర్చునే కౌన్సిల్ మెంబరయింది. గెలిచాక కూడా మిషను వదల్లేదు. జనం చొక్కా కాలరు సంగతీ మురిక్కాలవ సంగతీ ఒకే ఊపిరిలో చెప్పేసి పోతుంటారు. ఆవిడకి రెండూ గుర్తుంటాయి.

అంచు మడిచి, కొవ్వొత్తి ముక్క తీసుకుని మడత పొడుగునా రుద్దింది. అలా రుద్దకపోతే మందపు గుడ్డలో సూది ఇరుక్కుని టప్పున విరుగుతుంది. లావు సూది ఎక్కించి, తొక్కడం మొదలుపెట్టాక అడిగింది. "బండెందుకు తాతా? ఆసుపత్రి ఎదురుగా బంగారం లాంటి కొట్టుందిగా నీకు."

"ఉండేది. ఖాళీ చేశాగా."

మిషను ఆగింది. "అదేంటి?"

"కొట్టాయన అద్దె పెంచాడమ్మా. గొడుగులు కాదు, విమానాలు బాగుచేసినా కట్టలేనంత పెంచాడు. అదేంటయ్యా అంటే, బస్సుస్టాపు ఇక్కడికి రాబోతోంది, సరిగ్గా నీ కొట్టు ముందే షెడ్డు వేస్తారట, నువ్వు కట్టకపోతే కట్టేవాళ్ళు కాచుక్కూచున్నారు అన్నాడు. అన్నట్టే ఒకాయన కట్టేశాడు కూడా." తాత ఇబ్బందిగా నవ్వాడు. "మీ తమ్ముడేగా. నీకు తెలీదా ఏంటి?"

తెలీదు.

ఆసుపత్రి దగ్గర బస్సుస్టాపు అనేది మిషనక్క ప్రాణం. ఇప్పుడున్న స్టాపు మార్కెట్ మూల, కౌన్సిల్లో పాత మెంబరైన లాడ్జీ బాబాయ్ లాడ్జీ ముందుంది. అక్కడ దిగి నిండు చూలాళ్ళూ, కట్టు కట్టిన కాళ్ళవాళ్ళూ, ఆయాసం మనుషులూ ఎండలో ఈడ్చుకుంటూ ఆసుపత్రికి నడవాలి. దారిలో ఈవిడ కొట్టు అరుగు మీద కూలబడి మంచినీళ్ళడిగేవాళ్ళు రోజూ ఉంటారు. ఆ స్టాపు మారుస్తానని చెప్పే ఓట్లడిగింది. మార్చకపోతే మళ్ళీ మీ గుమ్మం తొక్కనని కూడా చెప్పింది, నోరు ఊరుకోక. ఎక్కని మెట్టు లేదు, పట్టని గడ్డం లేదు. ఇన్నాళ్ళకి ఈ వారం కౌన్సిల్ ముందుకి వస్తోంది. షెడ్డు ఎక్కడ వెయ్యాలో తన టేపు పట్టుకెళ్ళి తనే కొలిచింది. ఆసుపత్రి ఎదురు వరసలో, కొట్ల ముందున్న కాలిబాట మీద.

ఆ చోటు సంగతి కౌన్సిల్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో మాత్రం చెప్పింది. భోజనాల దగ్గర.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా," అన్నాడు తాత, ఆవిడ ముఖం చూసి. "స్టాపు రావాల్సిందే. నా మోకాళ్ళకీ అదే మంచిది. నువ్వు కుట్టు."

మిషనక్క మళ్ళీ తొక్కింది గానీ, కుట్టు రెండు చోట్ల వంకర పోయింది. విప్పి మళ్ళీ వేసింది. ఆవిడ కుట్టు వంకర పోవడం వాళ్ళాయన పెళ్ళయ్యాక చూడలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, కిందికి జారిన టార్పాలిన్ ఎత్తి పట్టుకున్నాడు.

*

తమ్ముడు ఆ మధ్యాహ్నమే ఈల వేసుకుంటూ వచ్చాడు. వాడంత హుషారుగా కనబడి చాలా కాలమైంది. ఇంతకుముందు పెట్టిన వ్యాపారాలన్నీ పెట్టినంత వేగంగానే మూతపడ్డాయి. వాడి తప్పు కొంత, వాడి దురదృష్టం కొంత. అక్కకి మాత్రం వాడు ఇంకా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాల్సినవాడే.

"తాత కొట్టు నువ్వు తీసుకున్నావా?"

"అప్పుడే తెలిసిపోయిందా? బోర్డు రాయించాక నిన్ను తీసుకెళ్ళి చూపిద్దామనుకున్నానక్కా. టీ, బ్రెడ్డు, పళ్ళు. ఆసుపత్రి, ఎదురుగా బస్సుస్టాపు, ఇంకేం కావాలి? మట్టి పెట్టినా అమ్ముడుపోతుంది."

"స్టాపు అక్కడికొస్తుందని నీకెవడు చెప్పాడు?"

వాడు ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వే. గ్లాసు గేటూ, పళ్ళెం రోడ్డూ అని పెట్టి మరీ చూపించావుగా."

"ఇంట్లో తింటూ చెప్పిన మాట బజారులో అమ్ముకున్నావురా."

"అమ్ముకోలేదు, కొనుక్కున్నా. కొట్టాయన చెవిన ఆ మాట వేసి, ఉన్నదంతా ఊడ్చి అడ్వాన్సు కట్టా. దొంగతనం చేశానా ఏంటి?"

"ఓ ముసలాణ్ణి రోడ్డు మీద పెట్టావు."

"నేను కాదు, కొట్టాయన. నేను తీసుకోకపోతే ఇంకోడు తీసుకునేవాడు." స్టూలు లాక్కుని దగ్గరగా కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. "అక్కా, ఒక్క సంగతి చెప్పు. నా కొట్టు లేకపోయినా స్టాపు అక్కడే పెట్టించేదానివా, కాదా?"

"పెట్టించేదాన్ని."

"జనానికి మంచిదేనా?"

"మంచిదే."

"మరి దానిపక్కన నీ తమ్ముడు కూడా బాగుపడితే నీకొచ్చిన నష్టమేంటి? నేను బాగుపడతానని జనాన్ని ఎండలో నడిపిస్తావా?"

మిషనక్క దారం తెంపి, సూదిలో మళ్ళీ ఎక్కించబోయింది. వాడు ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఈ ఒక్కసారి నిలదొక్కుకోనీ అక్కా," అని వెళ్ళిపోయాడు. ఆ మాట వాడు నటించి అన్నది కాదు. అదే ఆవిడని ఎక్కువ కోసింది.

*

కౌన్సిల్ ఆఫీసులో సెక్రటరీ ఒక్కడే ఉన్నాడు. పొడుగాటి మనిషి, గొంతు నిండా జలుబు, రూలు తప్ప ఇంకో మాట రాదని పేరు. ప్రతి మీటింగులోనూ ప్రతి అంశానికీ ముందు ఆయన ఒక ప్రశ్న చదువుతాడు. 'ఈ విషయంలో సభ్యుల్లో ఎవరికైనా, వారి కుటుంబానికైనా సొంత లాభం ఉంటే తెలియజేయాలి లేరు కాబట్టి చర్చలోకి వెళ్దాం.' ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఊపిరి పీల్చుకునే సందు కూడా ఉండదు. ఎవరూ వినరు. ఆ టైములో టీ కప్పులు అందుకుంటారు.

"ఆ ప్రశ్నకి ఎవరైనా జవాబు చెప్తే ఏమవుతుంది?" అని అడిగింది మిషనక్క.

సెక్రటరీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు మేడమ్."

"చెప్తే?"

"లేచి, సంగతేంటో పైకి చెప్పాలి. చెప్పి బయటికెళ్ళిపోవాలి. ఆ అంశం తేలేదాకా లోపల ఉండకూడదు, మాట్లాడకూడదు, చెయ్యెత్తకూడదు." కాస్త ఆగి అన్నాడు. "స్టాపు గురించేనా?"

ఆవిడ తలూపింది. ఆయన ఊళ్ళో మనిషే. అన్నీ విన్నట్టే ఉన్నాడు.

"మీరు బయటికెళ్తే రెండు వైపులా సమానమవుతారు మేడమ్. అప్పుడు చైర్మన్ గారి ఓటే ఓటు. ఆయన లాడ్జీ బాబాయ్ గీసిన గీత దాటడు. ఇది రూలు కాదు, ఊరికే చెప్తున్నా."

ఇంటికొచ్చి మొగుడి ముందు ఏకరువు పెట్టింది. ఆయన ప్యాంటు మడత మీద నీళ్ళు చిలకరించి, పెట్టె ఆనించి, ఆవిరి లేవగానే తీశాడు.

"అంటే, నోరు మూసుకుంటే స్టాపు వస్తుంది, తెరిస్తే పోతుంది. అంతేగా?"

"అంతే."

"నువ్వు నోరు మూసుకోవడం నేనైతే ఇంతవరకూ చూళ్ళేదు," అన్నాడు.

ఆవిడకి నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. "వేళాకోళం కాదు. ఆ లాడ్జీ బాబాయ్ లేచినప్పుడల్లా నేనేమంటాను? మీ లాడ్జీ నిండటం కోసం రోగుల్ని నడిపిస్తున్నారండీ అని ముఖం మీదే అంటాను. అవునా? ఇప్పుడు నా తమ్ముడి కొట్టు ముందు స్టాపు పెట్టమని ఏ మొహం పెట్టుకుని చెయ్యెత్తను?"

"ఎత్తకు మరి."

"ఎత్తకపోతే స్టాపు పోతుందయ్యా."

"అలాగైతే ఎత్తు."

"నీతో చెప్పుకున్నాను చూడు, నన్ననాలి," అని వంటింట్లోకి పోయింది. గిన్నెలు ఆ పూట కాస్త గట్టిగానే మోగాయి. కానీ చేతులు కడుక్కుని బయటికొచ్చేసరికి ఆవిడ ముఖం తేటపడింది. ఏ గుడ్డనైనా కత్తెర పెట్టేదాకానే ఆవిడకి బెరుకు. పెట్టాక చెయ్యి వణకదు.

*

మీటింగు రోజు హాలు నిండింది. వెనక కుర్చీల్లో మామూలుగా నలుగురుంటే గొప్ప. ఆ రోజు నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. తమ్ముడు తలుపు పక్కన గోడకానుకుని, కొత్త చొక్కాలో, అక్క వంక చూసి బొటనవేలు ఎత్తి చూపించాడు. ముందు వరసలో లాడ్జీ బాబాయ్ కాలు మీద కాలేసుకుని, టీ కప్పు చప్పరిస్తున్నాడు. చైర్మన్ గడియారం చూసుకుంటున్నాడు.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "బస్సుస్టాపు మార్పు. ఈ విషయంలో సభ్యుల్లో ఎవరికైనా వారి కుటుంబానికైనా సొంత లాభం ఉంటే తెలియజేయాలి లేరు కాబ..."

"ఉన్నాను," అంది మిషనక్క, లేచి.

సెక్రటరీ నోరు అలాగే తెరిచి ఉండిపోయింది. టీ కప్పులు గాల్లో ఆగాయి.

"ఆసుపత్రి ఎదురుగా స్టాపు అడుగుతున్నది నేను. సరిగ్గా ఆ షెడ్డు పడే చోట మా తమ్ముడు కొట్టు తీసుకున్నాడు. స్టాపొస్తే వాడికి లాభం."

అక్కడితో ఆపితే రూలు ప్రకారం సరిపోయేది. సెక్రటరీ కూడా తలూపి, కూర్చోబోయాడు. ఆవిడ మాత్రం ఇంకా నిలబడే ఉంది. తలుపు వైపు చూడకుండా, బల్ల వైపు చూస్తూ చెప్పింది.

"ఇంకొకటుంది. షెడ్డు ఎక్కడ వెయ్యాలనుకుంటున్నానో మీకెవరికీ చెప్పకముందే నేను ఇంట్లో చెప్పాను. అది తెలిసే వాడు కొట్టు తీసుకున్నాడు. దానివల్ల ముందునించీ ఉన్న మనిషి ఖాళీ చెయ్యాల్సొచ్చింది. ఆ ఉప్పందించింది నేనే. తప్పు నాదే. నేను బయట కూర్చుంటాను."

సంచీ తీసుకుని నడిచింది. తలుపు దగ్గర తమ్ముడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా," అన్నాడు. ఆవిడ ఆగలేదు. ఆగితే ఏడుపొస్తుందని తెలుసు.

బయట వరండాలో ఒక బెంచీ. అటెండరు దాన్ని తుడిచి, తలుపు మూసి, దానికడ్డంగా నిలబడ్డాడు. ఆవిడ కూర్చుందో లేదో, లోపల గొల్లుమని నవ్వులు వినిపించాయి. తన మీదేనేమోనని చెవులు వేడెక్కాయి. అంతలో తలుపు మళ్ళీ తెరుచుకుంది. చెప్పులు టపటపలాడించుకుంటూ లాడ్జీ బాబాయ్ వచ్చి, బెంచీ రెండో చివర దబ్బున కూలబడ్డాడు.

"మీరెందుకొచ్చారు?" అంది.

"నీ పుణ్యమే. ఆ జలుబుగాడు, ఎన్నడూ లేంది, ప్రశ్న చదివి ఆగాడు. 'ఇంకెవరైనా ఉన్నారా?' అని అందరి మొహాలూ చూశాడు. వెనకున్న జనం నన్ను చూశారు. నా లాడ్జీ సంగతి ఊరందరికీ తెలిసిందే కదా, కొత్తగా చెప్పేదేముందయ్యా అన్నాను. 'తెలిసిందే పైకి చెప్పమంటోందండీ రూలు' అన్నాడు. దానికి నవ్వు." కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళ మెంబర్ని. స్కూల్లో కూడా నన్నెవడూ బయట నిలబెట్టలేదు."

ఆవిడకి నవ్వాగలేదు. ఆయన ఉరిమి చూశాడు, తర్వాత ఆయనా కాస్త నవ్వాడు. లోపల మాటలు మొదలయ్యాయి. ఏమిటో అర్థం కాలేదు.

"ఓట్లెయ్యడానికింతసేపేంటి?" అన్నాడాయన. "చెయ్యెత్తడమేగా."

"నాకూ అదే తెలీడం లేదు."

"మనిద్దరం లేకపోతే మాట్లాడ్డానికి లోపలెవరున్నారు? నా వైపు వాళ్ళు నన్ను చూసి ఎత్తుతారు, నీ వైపు వాళ్ళు నిన్ను చూసి."

నిజమే. మిషనక్క లేచి తలుపు దగ్గరికెళ్ళింది. అటెండరు వినయంగానే, "బయటంటే బయటేనండీ," అన్నాడు. లోపల ఎవరో గట్టిగా ఏదో అడుగుతున్నారు. రిటైర్డ్ టీచరమ్మ గొంతు. మిషనక్క వైపు మెంబరే, 'సరే' తప్ప ఇంకో మాట ఆవిడ నోట వినలేదెవరూ. ఇప్పుడు ఆగకుండా మాట్లాడుతోంది. మధ్యలో ఇంకెవరో అందుకున్నారు. కుర్చీలు జరిగాయి. ఫోను ఎవరికో చేస్తున్న చప్పుడు. తన వైపు మనిషే అడ్డం తిరిగినట్టుంది. స్టాపు పోయిందనే అనుకుంది. ఎండలో నడిచొచ్చి తన అరుగు మీద కూర్చునేవాళ్ళకి ఏం చెప్పాలో వెతుక్కోవడం మొదలుపెట్టింది. అయినా చేసిన పనికి మాత్రం బాధ కలగలేదు. మళ్ళీ అడిగినా ఇదే చేస్తానని తనకి తెలుసు.

చాలాసేపటికి సెక్రటరీ బయటికొచ్చాడు. మనిషి ముఖంలో వింత వెలుగుంది.

"స్టాపు మంజూరైంది మేడమ్. అందరూ చెయ్యెత్తారు. మీ వైపు వాళ్ళూ ఎత్తారు, సారు వైపు వాళ్ళూ ఎత్తారు."

లాడ్జీ బాబాయ్ కండువా జారిపోయింది. మిషనక్క లేచి నిలబడింది.

"కానీ మీరనుకున్న చోట కాదు. టీచరమ్మగారు లేచి, కొట్ల వైపు దింపితే రోగులు లారీల మధ్య రోడ్డు దాటాలి కదా, ఎందుకు దాటాలి అన్నారు. అంతే, తలా ఒక మాట. ఆసుపత్రికి రెండో గేటుందట, వాడకుండా పడుందట. బస్సు ఒక గేటులో వెళ్ళి, చీటీలిచ్చే చోట ఆగి, ఇంకో గేటులోంచి వచ్చేస్తుంది. పెద్ద డాక్టరుగారికి ఫోన్ చేస్తే, ఇన్నాళ్ళూ అడగరేమని ఆయనే అన్నారు." తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మా సర్వీసులో మీటింగంటే ఇదండీ."

మిషనక్క మళ్ళీ బెంచీ మీద కూర్చుంది. ఆ రోడ్డు తను టేపు పట్టుకుని అటూ ఇటూ దాటింది. లారీ హారన్ కొడితే ఎగిరి గంతేసింది కూడా. అయినా తట్టలేదు. పోనీ, అప్పుడంటే తొందర. తాత చెప్పిన దగ్గర్నించీ రోజుల తరబడి తల బద్దలు కొట్టుకుంది, చెప్పాలా మానాలా అని. షెడ్డుని రోడ్డుకి ఆసుపత్రి వైపు జరిపితే సరిపోతుందన్న ఆలోచన ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఆ బెంచీ మీద కూర్చుని ఆలోచిస్తే సిగ్గేసింది. జరిపితే తమ్ముడు మునుగుతాడు. మనసు ఆ వైపు చూడనే లేదు.

*

తమ్ముడు హాల్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయాడో, కొట్లో ఉన్నాడు. కొత్త చొక్కా విప్పి మేకుకి తగిలించి, బనీనుతో అరలు తోముతున్నాడు. తుప్పు మరకలు. పోవడం లేదు. అక్క గుమ్మంలోకి రాగానే చూసి, మళ్ళీ తోమడంలో పడ్డాడు.

"నలుగుర్లో నా పరువు తీశావు."

"నాది కూడా తీసుకున్నాను కదరా."

"స్టాపు లోపలికి పోయిందటగా. మరి ఈ అద్దె నేనెక్కడ కట్టను?"

"కొట్టాయన దగ్గరికి ఇద్దరం వెళ్దాం. బస్సు రాని కొట్టుకి బస్సు అద్దె అడగడానికి ఆయనకి నోరెలా వస్తుందో నేనూ చూస్తా. అడ్వాన్సు రాబడదాం. కొట్టు మళ్ళీ తాతకే ఇప్పిద్దాం. నీకు టీ బండి కావాలంటే, ఆసుపత్రి లోపల అందరితో పాటు నువ్వూ దరఖాస్తు పెట్టుకో. నేను మాత్రం ఆ రోజు కూడా బయటే కూర్చుంటా."

వాడు గుడ్డ బకెట్లో పడేశాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, కోపమో ఇంకేమిటో. "ఒక్కటి నిజం చెప్పక్కా. నువ్వు లోపలుండి, టీచరమ్మ ఆ మాట ఎత్తితే, ఒప్పుకునేదానివా?"

మిషనక్కకి అబద్ధం చెప్పాలనిపించింది. చెప్తే ఇద్దరికీ తేలిగ్గా ఉండేది.

"ఒప్పుకునేదాన్ని కాదురా," అంది. "కాలిబాట కొలతలు చెప్పేదాన్ని, ఇటు నీడుందనేదాన్ని, ఆవిడకి మళ్ళీ నోరెత్తే సందివ్వకుండా అరిచి కూర్చోబెట్టేదాన్ని. నీకోసం అని కూడా అనుకునేదాన్ని కాదు. జనం కోసమే అనుకుని, గెలిచానని ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేదాన్ని."